మర్చిపోయిన వీపు

ఆ జిమ్‌లో కండలు తిరిగినవాళ్లంతా భయపడేది తమ మోచేతి దాకా కూడా రాని తుడుపు పిన్నికే. నడుముకు రెండు గుడ్డలు దోపుకుని, స్ప్రే సీసా పట్టుకుని తిరుగుతుంది. ఎవరైనా బెంచీ మీద చెమట తుడవకుండా లేస్తే చాలు, "బాబూ, నీ వీపు ఇక్కడే మర్చిపోయావ్. క్రిములు కాపురం పెట్టకముందే వచ్చి తీసుకెళ్లు" అంటుంది. నిన్న, జిమ్‌ను కొత్తగా కొన్న యజమాని బెంచీ మీద తడి అచ్చు వదిలేసి లేచాడు. ఈ పని పోతే ఇంకోటి దొరికే వయసు కాదు పిన్నిది. అయినా నోరు ఊరుకుంటేగా! "సారూ, మీ వీపు..." బరువులెత్తేవాళ్లు ఎత్తినవి ఎత్తినట్టే ఆగిపోయారు. ఆయన వెనక్కి తిరిగి ఆ అచ్చు చూసుకున్నాడు. ఆమె గుడ్డ అందుకుని తుడిచాడు. పిన్ని ఊపిరి పీల్చుకుంది. బెంచీ మీద ఒకసారి వేలు రాసి చూసి, "మరి అంచులెవరు తుడుస్తారు, సారూ?" అంది.