పెద్దమ్మ పేరు మీద రిజిస్టరు

నా మొదటి నవల నీళ్ళ పొయ్యిలోకి పోయింది. మా ఆయనే స్వయంగా పెట్టారు, ఒక్కో కాయితం చింపి, తీరిగ్గా.

డెబ్బైల మొదట్లో కృష్ణా జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగాలకి పటాన్‌చెరు వచ్చిన సంసారాల్లో మాదీ ఒకటి. ఆయన ఫిట్టరు. ఊళ్ళో ఒక రైతమ్మ ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఆడవాళ్ళు రాసిన నవలలు వారపత్రికల్లో సీరియల్‌గా వస్తున్న రోజులవి. ఒక్క పత్రిక పది ఇళ్ళు తిరిగి, అంచులు నలిగి నా చేతికొచ్చేది. చదవగా చదవగా నాకూ దుర్బుద్ధి పుట్టింది. ఆయన షిఫ్టుకి వెళ్ళగానే వంట తెమిల్చి, ప్రేమకథ రాయడం మొదలుపెట్టాను.

ఆయనకి దొరికింది మొత్తం పుస్తకం కాదు, కథానాయకుడు కథానాయికకి రాసిన ఉత్తరం ఉన్న పేజీలు. అవీ నా దస్తూరీలోనే. చదివి, నా మొహం చూశారు.

"ఎవడు వీడు?"

"కథండీ."

"గడ్డం మీద గాటుందని రాశావు. నాకు లేదే?"

మొగుడికి లేని గాటు కథలో మగాడికి ఉండటం నేరమని నాకు తెలీదు. మిగతా పుస్తకం కూడా తెమ్మన్నారు. తెచ్చిచ్చాను. అంతా కాలాక, "ఇంకోసారి ఇలాంటిది కంటపడిందా, బస్సెక్కించి మీ పుట్టింట్లో దింపేస్తాను" అన్నారు. ఆయన అరిచే మనిషి కాదు. అందుకే నాకంత భయం. అన్నది చేస్తారు.

అయినా అదే కథ మళ్ళీ రాశాను. రాయకుండా ఉండలేకపోయాను. గాటు మాత్రం తీసెయ్యలేదు, ఉక్రోషం కొద్దీ. రాసిన కాయితాలన్నీ మా ఇంటావిడ వడ్ల బస్తాల వెనక దాచేదాన్ని. ఆమెని నేను పెద్దమ్మా అనేదాన్ని. భర్త పోయి చాలాకాలమైంది. ఊరవతల మూడెకరాలుంటే తనే సేద్యం చేయించుకునేది. చదువు లేదు.

"గిది తప్పు పనైతే కాదు గద బిడ్డా?" అంది మొదటిరోజు.

"కాదు పెద్దమ్మా, కథ."

"కథైతే సారుకెందుకంత కోపం?"

నవల పూర్తయ్యాక ఆమె పేరు మీదే హైదరాబాదులో ఒక వారపత్రికకి పంపాను. రచయిత్రి పేరూ ఆమెదే, చిరునామా ఆమెదే. పత్రికవాళ్ళ పద్ధతి ప్రకారం తిరుగు టపాకి స్టాంపులు కూడా పెట్టాను. "నీ పేరు మీద ఏదన్నా వస్తే తీసుకుని నాకివ్వు పెద్దమ్మా" అంటే, "గదేం పెద్ద పని" అంది. నాకు నకలు రాసుకునే వ్యవధి దొరకలేదు. ఉన్నది ఆ ఒక్క ప్రతే.

రెండు నెలలు గడిచాయి. ఈలోగా కొత్త ఫ్యాక్టరీ కోసమని గొలుసులు పట్టుకుని కొలతలవాళ్ళు పొలాల్లోకి దిగారు. ఊరంతా ఒకటే గుబులు. రిజిస్టరు పోస్టులో కాయితం వస్తుంది, దాన్ని తీసుకుని వేలిముద్ర వేస్తే భూమి ఇచ్చేసినట్టే, తీసుకోకపోతే సర్కారు ఏమీ చెయ్యలేదని ఎవరో చెప్పారు. అందరూ నమ్మారు. పోస్టుమాన్ వీధిలోకొస్తే తలుపులు మూసుకునేవాళ్ళు.

ఒకరోజు నేను బావి దగ్గర బట్టలుతికి వచ్చేసరికి పెద్దమ్మ మొహం వెలిగిపోతోంది.

"రిజిస్టరొచ్చింది బిడ్డా. నేను తీస్కోలే. దాని దిక్కు గూడ సూడలే. వాపస్ కొట్టిన!"

తడిబట్టలు అక్కడే పడేశాను. "పెద్దమ్మా, అది నాదేమో!"

ఆమె మొహం పాలిపోయింది. "అయ్యో, నీది రిజిస్టర్ల వస్తదని నాకేమెరుక? ఉత్త ఉత్తరమనుకుంటి."

నేను చెప్పలేదు, నిజమే. కానీ ఆ క్షణంలో ఆమె జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది. లోపలికెళ్ళి చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పత్రికవాళ్ళు ఆ కట్టని చెత్తబుట్టలో పారేస్తే? మూడోసారి రాసే ఓపిక నాకు లేదు. మర్నాడు మళ్ళీ స్టాంపులు పెట్టి, పొరపాటున వాపసు పోయింది, దయచేసి ఇంకోసారి పంపండని ఉత్తరం రాశాను. ఆ తర్వాత సైకిల్ బెల్లు వినబడితే చాలు, చేతిలో పని వదిలి గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని.

ఆ వారమే ఆయన షిఫ్టు మారింది. పొద్దున పూటంతా ఇంట్లోనే.

అరుగు మీద అద్దం పెట్టుకుని ఆయన గడ్డం గీసుకుంటున్నారు. పోస్టుమాన్ సరిగ్గా ఆయన ముందే సైకిల్ ఆపాడు.

"అమ్మా, రిజిస్టరుంది." లావుపాటి కవరు తీసి, ఎక్కణ్ణించి వచ్చిందో చదవబోయాడు.

నేను తలుపు వెనక ఉన్నాను. పత్రిక పేరు వాడి నోట్లోంచి వస్తే నా పని అయిపోయినట్టే. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది.

"సదవకు. ఏలు ఏడ పెట్టాలె, జల్దీ జెప్పు."

ఆయన రేజరు ఆపారు. "పెద్దమ్మగారూ, భూమి కాయితమేమో! నక్షలు పెట్టి లావుగానే పంపుతున్నారట. వేలు పెడితే పొలం పోయినట్టేగా?"

"ఎన్నిసార్లు వాపస్ కొడతా సారూ? పోతే పోనీ."

వేలు పెట్టింది. నేను అదే తలుపు వెనక నిలబడి చూశాను. ఆగు అనలేదు. అది నాది కావాలని దేవుడికి మొక్కుకుంటున్నాను, ఆమె పొలం కోసం మాత్రం కాదు.

ఆయన మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాక, వడ్ల బస్తాల గదిలో కవరు నా చేతిలో పెట్టింది. పైన పత్రిక ముద్ర కనబడింది. లోపల నా కాయితాలు, మీద ఒక ఉత్తరం: చివరి రెండు ప్రకరణాలు తిరగరాసి పంపండి, సీరియల్‌గా వేసుకుంటాం.

"నీదేనా?" అంది.

"నాదే పెద్దమ్మా. అచ్చేస్తారట."

నా సంతోషం ఆమె చెవినబడలేదు. బస్తాకి ఆనుకుని కూలబడిపోయింది.

"నాది కాదన్నట్టే గద? మంచిగ సూడు బిడ్డా. నా భూమిది కాదు గద?"

కాదు, కాదు అని ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడిగింది. సిరా అంటిన ఆ వేలిని చీరకేసి రుద్దుతూనే ఉంది. అప్పుడు ఆ వేలిని పట్టుకుని నేనే కడిగాను.