మాటను తిరిగి తెచ్చిన ఫిట్టర్ పోశం కాక

పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం కళాశాలలో పాఠం చెబుతుండగా పోశం కాక మరదలు కమలమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, బావ పోయిండే" అని ఒక్క మాట చెప్పి ఏడ్చేసింది. బోర్డు మీద సగం రాసిన ప్రోగ్రాం అలాగే ఉండిపోయింది. ముందురోజు సాయంత్రమే ఆయన నాతో అరగంట మాట్లాడారు. వరండాలో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. గుండె ఆగిందన్నారు. ఆ వార్తను నా మనస్సు చాలాసేపటి వరకు అంగీకరించలేదు.

మేకల పోశం కాగజ్‌నగర్ కాగితపు మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా పనిచేశారు. చదువు పదో తరగతితో ఆగింది. మా పక్కిల్లే కనుక నాకు పుట్టిననాటి నుంచీ కాక. మిల్లు మూతపడినప్పుడు నేను డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. యంత్రాలు విప్పి బిగించడానికి అలవాటుపడిన ఆయన చేతులకు ఒక్కసారిగా పని లేకుండా పోయింది. అప్పుడు దొరికింది ఒక పాత స్మార్ట్‌ఫోన్. నిమిషానికోసారి ఆగిపోయే దాన్ని మరొకరైతే అటకెక్కించేవారు. కాక ఒక పొద్దున మా గుమ్మంలోకి వచ్చారు.

"బిడ్డా, నీ లాప్‌టాప్ జర ఓ పూట ఇస్తవా? గీ ఫోన్‌కు కంపెనోళ్లు తాళమేసిన్రు. గది తీసి, లోపలి సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చాలె."

"ఖరాబైతది కాకా!"

"ఖరాబైతే ఎందుకైందో ఎర్కైతది గద."

ఖరాబే అయింది. తెర నల్లబడి, ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. నాకు ఏడుపొచ్చింది, ఆయన మాత్రం నోటుబుక్కు తెరిచి తాను ఏ వరసలో ఏం చేశారో రాసుకోవడం మొదలుపెట్టారు. ఇంటర్నెట్‌లోని ఇంగ్లిష్ సూచనలను తెలుగు అక్షరాల్లో దించుకుని, అర్థం కాని మాట కింద గీత గీసి, నేను కాలేజీ నుంచి రాగానే అడిగేవారు. తొమ్మిదో రోజున తెర వెలిగింది. ఆనాడు ఆయన అన్న మాటను ప్రతి ఏటా నా విద్యార్థులకు మొదటి పాఠంలోనే చెబుతున్నాను: "మిషిన్ అబద్ధమాడదు బిడ్డా. మనమేం జెప్తే గదే జేస్తది. తప్పుంటే మనం జెప్పుట్లనే ఉంటది."

ఆ పట్టుదలతోనే ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. కంప్యూటర్ కొనలేదు, ఆ ఫోన్‌లోనే, ఒక్క వేలితో. నల్లా నీళ్లు వచ్చే వేళకు మోగే గంట, కోడి పొదిగిన రోజులు లెక్కపెట్టే పట్టిక, ఇలాంటివి చేసి మురిసిపోయేవారు. వీటికి ఒక మంచి పేరు పెట్టమని నేనంటే, "సుత్తెకు పేరు పెడ్తమా బిడ్డా?" అని నవ్వారు.

నాలుగేళ్లకు మిల్లు తిరిగి తెరుచుకుంటుందన్న కబురు వచ్చింది. అంతకు రెండు నెలల ముందే కాక భార్య శాంత చిన్నమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట పడిపోయాయి. తోటి పనివాళ్లు పిలవడానికొస్తే కాక తల అడ్డంగా ఊపారు. "మిషిన్‌ను సూడనీకి ఇంకొకడు దొరుకుతడు. ఈమెను సూడనీకి నేనే ఉన్న."

చిన్నమ్మకు అన్నీ అర్థమయ్యేవి. ఆమె చెప్పేదే ఎవరికీ అర్థమయ్యేది కాదు. నీళ్లడిగితే దుప్పటి కప్పేవాళ్లం. కొన్నాళ్లకు ఆమె సైగ చేయడం కూడా మానేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం ముద్ద మింగడం తగ్గించింది. తొమ్మిది రోజులు నిర్జీవమైన ఫోన్‌ను చూసి చలించని మనిషి కళ్లల్లో అప్పుడు నేను భయం చూశాను. "పరేషానైతుంది బిడ్డా. గిట్లనే ఉంటె దక్కదు" అన్నారు.

వారం తిరక్కుండా ఫోన్ తెర మీద ఆరు పెద్ద బొమ్మలు పెట్టారు. చెంబు నొక్కితే లోపలి యంత్రపు గొంతు "నాకు నీళ్లు కావాలి" అంటుంది. చిన్నమ్మ ఒకసారి విని ఫోన్‌ను కింద పడేసింది.

"ఏమైందే? మంచిగనే జెప్పింది గద!"

"కాకా, గది వార్తలు చదివినట్టున్నది. చిన్నమ్మ ఎన్నడన్న అట్ల మాట్లాడిందా?" అన్నాను.

కాక తన గొంతు పెట్టి చూశారు. చిన్నమ్మ మళ్లీ మొహం తిప్పుకుంది. అప్పుడు ఇచ్చోడ నుంచి ఆమె చెల్లెలు కమలమ్మను పిలిపించారు. ఫోన్‌లో అక్కాచెల్లెళ్ల గొంతుల్ని కాక సైతం పోల్చుకోలేకపోయేవారు. కమలమ్మ మంచం పక్కన కూర్చుని, "జర నీళ్లియ్యి", "కాళ్లు గుంజుతున్నయ్", "తలుపు దగ్గరికెయ్యి" అని ఒక్కొక్కటే చెప్పింది. అవి తిరిగి వినిపించగానే చిన్నమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. ఎడమ చెయ్యి ముందుకొచ్చింది.

ఆ చెయ్యి వణికేది. ఒకసారి తాకితే "నీళ్లియ్యి" మూడుసార్లు మోగేది. వేలు పక్కకు జారితే కెమెరా తెరుచుకునేది, ఎవరికో ఫోన్ పోయేది. కాక ఫోన్‌ను మళ్లీ మొదటికంటా విప్పారు. ఆమె పేజీ తప్ప మరేదీ కనిపించకుండా అన్నీ తీసేశారు. వేలు ఎంత వణికినా ఒక్క నొక్కుగానే లెక్కించేలా రాశారు. ఆ నెలల్లో వరండాలో కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టుకుని, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని ఆయన చేసింది నా దృష్టిలో తపస్సే.

చివరికి ఒక సాయంత్రం లోపలి నుంచి స్పష్టంగా వినిపించింది: "జర నీళ్లియ్యి." కాక చెంబుతో పరుగెత్తారు. ఆమె తాగింది. మళ్లీ అదే మాట. మళ్లీ తెచ్చారు. మూడోసారి వెళ్లేసరికి ఆమె నవ్వుతోంది. ఆ తర్వాత ఆమె తెరమీది ఖాళీ గడిని పదేపదే చూపించింది. ఏం కావాలో మాకెవరికీ తోచలేదు. కమలమ్మకు తోచింది. "నోరు మూసి కూసో!" అని గట్టిగా చెప్పి ఆ గడిలో పెట్టింది. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ పనిచేసిన మీట అదే. "తిట్లు లేక ఇల్లు ఇల్లోలె లేకుండె బిడ్డా" అని కాక కళ్లు తుడుచుకున్నారు.

నోటి మాటగా కబురు పాకింది. బొగ్గుగనుల కాలనీల నుంచి, నేతపని చేసే ఇళ్ల నుంచి మాట పోయినవారిని వెంటబెట్టుకుని వచ్చేవారు. ఆయన నియమం ఒకటే. ఇంటి మనిషే వచ్చి గొంతు ఇవ్వాలి. "మాట ఇంటిది గావాలె. ఫోన్ ఉత్త మోస్తది."

ఆయన పోయిన అయిదో రోజున ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఒకతను మాట పడిపోయిన తల్లిని, భార్యాబిడ్డలతో సహా తీసుకుని వచ్చాడు. గుమ్మం ముందు టెంటు చూసి, సంగతి తెలుసుకుని, వెనుదిరగబోయాడు. చిన్నమ్మ చేత్తో పిలిచి, ఫోన్ నొక్కింది: "కూసోండ్రి." తర్వాత నా వైపు చూసింది.

ఆ పని నేను చేశాను. కాకకు పూట పట్టేది నాకు మూడు రోజులు పట్టింది. నడుమ రెండుసార్లు ఏదో అడగబోయి వరండా వైపు తిరిగాను. ఇక అడగడానికి మనిషి లేడన్నది నాకు నిజంగా తెలిసింది అప్పుడే. ఆ లోటు పూడేది కాదు. నాలుగో రోజున ఆ తల్లి కోడలి గొంతుతో, వాళ్లింటి భాష మరాఠీలో, మనవడిని దగ్గరికి రమ్మని పిలిచింది.

ప్రోగ్రాంలో అక్కడక్కడ యంత్రం చదవని, మనిషి మాత్రమే చదివే వాక్యాలు రాసిపెట్టారు కాక. "చెయ్యి వణికేటోళ్లకు గీడ టైం పెంచాలె" అని ఒకచోట. అన్నిటికంటే కింద ఇలా ఉంది: "రెండు మాటలు కలిపి కొత్త మాట జెప్పుడు. నాకింక రాలే. వచ్చినోళ్లు చెయ్యుండ్రి."

నిన్న పొద్దున చిన్నమ్మ పక్కన కూర్చుని, ఆ వాక్యం కింద మొదటి వరస రాశాను. ఇంకా నడవడం లేదు. తప్పు ఎక్కడుందో వెతుకుతున్నాను, కాకా. దొరుకుతుంది.