వెండి టబ్బు అడుగున

మ్యూజియంలో అద్దాల పెట్టెలో పక్కకు ఒరిగించి పెట్టిన జానెడు వెండి బొగ్గుటబ్బును చూడగానే గుర్తుపట్టాను. గనిలో బొగ్గు మోసే తొట్టిబండి ఆకారంలో చేయించి, కొత్త గని తెరిచిన రోజున గని మేనేజరు దొరకు బహుమతిగా ఇచ్చిన టబ్బు అది. ముందువైపు ఆయన పేరు చెక్కి ఉండేది. ఆయన బంగళాలో గిన్నెలు తోమే మా అమ్మే సుద్దపొడితో దానికి మెరుగు పెట్టేది.

నేను మూడో తరగతిలో ఉండగా, వెండి చెంచా కనబడలేదని దొరసాని అందరిముందు అమ్మ కొంగు దులిపించింది. "నీ కాల్మొక్కుత దొరసాని, నేను తియ్యలె," అని అమ్మ ఏడుస్తోంది. నేను వెనక వసారాలో ఆరబెట్టిన టబ్బును తిరగేసి, అడుగున మేకుతో 'రాజవ్వ' అని అమ్మ పేరు గట్టిగా గీశాను. మా వాడలో గిన్నె మీద ఎవరి పేరుంటే గిన్నె వాళ్లదే. కాబట్టి ఇక టబ్బు మాదే అనుకున్నాను.

సాయంత్రం చెంచా వాళ్ల సోఫా కిందే దొరికింది. తప్పయిందని ఎవరూ అనలేదు. తెల్లారి అమ్మ మళ్లీ అదే టబ్బు తోమింది. ఆమెకు చదువు రాదు. ఆ ఇంట్లో టబ్బు అడుగు చూసేవాళ్లు లేరు.

"ముందటున్న పేరేంది తమ్మీ?" అని మ్యూజియం ఉద్యోగిని అడిగాను.

"తోమి తోమి అరిగిపోయిందమ్మా. ఎవ్వలిదో ఎరుకలేదు. అడుగున మాత్రం రాజవ్వ అని సాఫ్ కనబడుతంది. ఆమెదే కావచ్చు."

వినబడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను.