గ్యారంటీ, వారంటీ, మధ్యల మీ తాత

కూసో బిడ్డా. ఆ ఫోన్ అవతల పెట్టి, కుదురుగ కూసోని మంచిగ విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంత తెలివి కలపకు. ఇంటికి సరిపోయేటంత మీ తాత దగ్గర ఉన్నది.

పోయిన యేడు మీ అత్త కాన్పుకు ఎల్లారెడ్డికి, మనింటికే వచ్చింది గద. బాబును తొట్టెల్ల వేసే ఫంక్షన్ పెట్టుకున్నం. వాళ్ల అత్తగారు, అంటే మా వియ్యపురాలు, చుట్టాలను ఆటోల నింపుకొని వస్తనన్నది. ఆమె గారెను తుంచి లోపల చూసినంకనే నోట్లె పెడ్తది. బాగలేకుంటే ఈడ ఏమనది. ఇంటికి పోయినంక మీ అత్తను అంటది, యేడు దాక అంటది. అందుకని గారెల పిండికి కామారెడ్డి పోయి కొత్త గ్రైండర్ తెచ్చినం.

బేరం మీ తాతదే. బేరమంటే, దుకాణమాయన చెప్పినదానికల్ల తలూపుడు. ఇంటికొచ్చి వాడకట్టంత వినేటట్టు, "గ్యారంటీ ఉన్నది, ఖరాబైతే కొత్తది చేతిల పెడ్తడు" అన్నడు. కొత్త సామానుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడ్తం గద. అందరు పక్కకు కొడ్తరు. మీ తాతకు భక్తి ఎక్కువ. సక్కగ దాని మీదనే కొట్టి నీళ్లన్ని అభిషేకం చేసిండు.

"మోటర్ లోపలికి పోతయి" అన్న.

"పోతే పోనీ. గ్యారంటీ అంటే నీకర్థం కాదా?"

స్విచ్ వేస్తే ఒక్కసారి గుర్రుమన్నది, అంతే.

ఫంక్షన్ ఎల్లుండే. గ్రైండర్‌ను ఒడిల పెట్టుకొని బస్సెక్కినం. నాకు ఆధార్ చూపిస్తే ఫ్రీ. మీ తాతకు టికెట్ పడ్డది.

దుకాణమాయన మోటర్ విప్పి వాసన చూసిండు. "ఏందమ్మా, కొబ్బరి వాసనొస్తున్నది?"

"మీ గ్యారంటీకి పూజ చేసినం."

మర్యాదస్తుడు, నవ్వలేదు. "గ్యారంటీ అంటే ఖరాబైతే కొత్తది ఇచ్చుడమ్మా. దీనికున్నది వారంటీ. అంటే ఉన్నదాన్నే బాగుచేసి ఇస్తరు. అదిగూడ నీళ్లు పోతే వర్తించది. హైదరాబాద్ పంపాలె, టైం పడ్తది."

మీ తాత ఊకుంటడా. "దేవుని పేరు మీద పోసినవి గూడ నీళ్లేనా?"

"మోటర్‌కు తెల్వది గద బాపూ."

వచ్చేటప్పుడు మీ తాత దారి పొడుగునా కిటికీలకెల్లి పొలాలు చూసుకుంట కూసున్నడు, పుట్టి ఎన్నడు వరి చూడనట్టు.

ఫంక్షన్ నాడు పొద్దున్నే రుబ్బురోలు కడిగి, నానిన మినపపప్పు ముందట పెట్టి, "నువ్విచ్చిన గ్యారంటీ, నువ్వే రుబ్బు" అన్న. రుబ్బిండు. పిండి రోట్లె కన్న మీసాలకే ఎక్కువున్నది. అప్పుడే వియ్యపురాలు ఆటో దిగింది.

"అన్నతోని రుబ్బిస్తున్నవా వదినా? గ్రైండర్ లేదా?"

"బాగుకు పోయింది వదినా. ఇది పాతది. గ్యారంటీ లేదు, వారంటీ లేదు, చెప్తే తిరుగుతది."

ఆమె నవ్వలేదు. వేడి గారె చేతికిస్తే తుంచింది, లోపల చూసింది, నోట్లె పెట్టుకున్నది. మీ అత్త బాబును పట్టుకొని ఆమె మొఖమే చూస్తున్నది. ఆమె నమిలి నమిలి, "ఇంకో రెండు వెయ్యి వదినా" అన్నది. మీ అత్తకు పానం లేచొచ్చింది. ఇగ మీ తాత, చేతులన్న కడుక్కోకుంట ఆమె ముందటికి పోయి, "చెల్లె, అసలు ఈ పిండిల కిటుకేందంటే" అని మొదలుపెట్టి...

"అత్తమ్మా, అన్నం పెట్టిన, రా."

వస్తున్న. లే బిడ్డా, మీ అమ్మ పిలుస్తున్నది, తిన్నంక మీ తాతనే అడుగు, ఆ కిటుకేందో.