ఖాజాకు దక్కని కమాండో బిళ్ళ

సముద్రంలో ఓడలకు కాపలా వచ్చిన అమెరికా కమాండో ఒకడు ఈ రోజు ఈ అరబ్బు దేశంలో, షువైఖ్‌లోని మా గ్యారేజీకి జీపు తెచ్చాడు. నాతో పనిచేసే రాయచోటి ఖాజాకు కమాండో దళాల బిళ్ళలు కూడబెట్టే పిచ్చి. దళం గుర్తు అచ్చేసిన ఆ బిళ్ళను వాళ్ళు మెచ్చినవాడికి చెయ్యి కలిపి అరచేతిలో పెడతారు. అట్లా వచ్చినదానికే గౌరవం. ఖాజా తన తొమ్మిది బిళ్ళలూ బానెట్ మీద పరిచి, అన్నీ సోల్జర్లు ఇచ్చినవేనన్నాడు. కమాండో మురిసిపోయి తన బిళ్ళ కూడా తీశాడు. ఖాజా గ్రీజు చెయ్యి తుడుచుకుని చాచాడు.

"నో గివ్ సార్. ఫ్రైడే బజార్, మనీ," అన్నాను నేను. అవన్నీ వాడు శుక్రవారం సంతలో డబ్బిచ్చి కొన్నవే.

ఖాజా తల దించుకున్నాడు. కమాండో వాణ్ణి దాటి వచ్చి, నాకు చెయ్యి కలిపి, ఆ బిళ్ళ నాకిచ్చాడు.

"నేనేం పాపం చేస్తి చిన్నాయనా నీకు?" అన్నాడు ఖాజా.

"అబద్ధమాడితివి గదరా!"

సాయంత్రం రూములో, ఒక్కసారి పట్టుకుని చూసి ఇచ్చేస్తానని బతిమాలాడు. వేలు కూడా తాకనివ్వలేదు. నాకు చదువు రాదు, అబద్ధమూ రాదు. చూపించాల్సిందనే దయగలవాళ్ళుంటే చెప్పండి, మీకూ చూపించను.