పెద్దాయన చేను దాటని వంతు

ఆ రోజుల్లో, రాసిన ప్రోగ్రామును చిప్పు భాషలోకి మార్చే కంపైలరు తప్పు చూపకపోతే ప్రోగ్రాము ఒప్పేనని నా నమ్మకం. ముదిగుబ్బ దగ్గర ఒక బోరు వద్ద ఉన్నవి వరసగా చెబుతాను: ముగ్గురు అన్నదమ్ములు, మట్టిలోకి ఊడలు దిగుతున్న వేరుశనగ చేలు మూడు, అందరికీ ఒకటే మోటారు, నేను కట్టిన పెట్టె, కొత్త ఇంజనీరునైన నేను. గంటకొక చేను చొప్పున నీళ్లు వదిలి, ఆ చేను దీపం వెలిగించడం పెట్టె పని. కరెంటు పోయినా మరవకూడదని, బ్యాటరీ ఉన్న మెమరీలో ఫలానా చిరునామా అని ఖాయం చేసి ఎన్నో చేను అని చెప్పే ‘వంతు’, దానికి ఎంతసేపు పారిందో చెప్పే ‘నిమిషాలు’ అనే రెండు వేరియబుల్స్‌ను అక్కడ కూర్చోబెట్టాను. (ఆ తెలివికి నాకు నేనే దండం పెట్టుకున్నాను.)

వారం తర్వాత వెళ్తే పెద్దాయన భుజం తట్టాడు. “ఏమప్పా, నీ పెట్టెకు మర్యాద తెలుసు. కరెంటు వచ్చినప్పుడల్లా పెద్దోన్ని, నాకే ముందు ఇస్తాండాది!” నేను పొంగిపోయేలోపే చిన్నాయన వాడిన మొక్క పీకి తెచ్చి నా చేతిలో పెట్టాడు. “మా అన్న ఇంట్లో ఏం తిన్యావు సామీ?” (రాగి సంగటి, రెండు ముద్దలు.) “ఇంగ నాలుగు దినాలు తడి లేకుంటే నా చెనక్కాయ కాయ గట్టదు. నీ పెట్టెను బాయిలో ఏస్తా!” నడిపాయన అడ్డొచ్చాడు. “పెట్టెనెందుకురా, ఈయప్పనే ఏద్దాం.”

మీట నొక్కి వంతును చిన్నాయన చేనుకు, అంటే మూడుకు, తెచ్చాను. కరెంటు పోయింది, వచ్చింది. దీపం మళ్లీ ఒకటి మీద! ప్రోగ్రాము కాగితాలు తెరిస్తే ‘వంతు’ పక్కన నేను రాసిందే: “= 1”; ‘నిమిషాలు’ పక్కన “= 0”. కరెంటు వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని చిప్పు చేసే మొదటి పని, అలా విలువ రాసినవన్నీ మళ్లీ నింపడం. అక్కడ కరెంటు గంట నిలిచేది కాదు. మరవని చోటు వెతికిందీ నేనే, మరిపించిందీ నేనే!

ప్రోగ్రాము మార్చడానికి చిప్పు ఊడదీసి జేబులో వేసుకుని అనంతపురం బస్సెక్కాను. అక్కడ ఆ “= 1”, “= 0” రెండూ కొట్టేసి, పక్క చిరునామాలో ఒక గుర్తు పెట్టాను: గుర్తుంటే ఆ రెంటినీ ముట్టుకోవద్దు, లేకుంటేనే వంతులో ఒకటి, నిమిషాల్లో సున్నా నింపు. మర్నాడు పొద్దున్నే చిప్పు గుచ్చి చిన్నాయన పక్కన గట్టుమీద కూర్చున్నాను. కరెంటు పోతే ఆయన నా మొహం చూసేవాడు, వస్తే ఇద్దరం దీపం చూసేవాళ్లం. మధ్యాహ్నానికి మూడో దీపం వెలిగింది, నీళ్లు ఆయన చేలోకి దూకాయి. “వచ్చినాయి! వచ్చినాయప్పా!” అంటూ నన్నూ కాలువలోకి లాగేశాడు.

ఇప్పటికీ ఎవరి ప్రోగ్రాములోనైనా “= 1” కనబడితే, ఆ తడిసిన చొక్కా కుర్రాడి ధీమా తలచుకుని నవ్వుకుంటాను. ఆనాటి నోటుబుక్కు నా దగ్గరే ఉంది, అందులో ఆ రోజు లెక్క: కరెంటు పోయింది పదకొండుసార్లు. వంతు తప్పింది సున్నా. చిన్నాయన ఇంట్లో సంగటి, మూడు ముద్దలు.