పోలండ్ సెలవురోజున మా బాపు

దయ్యాల మాటెత్తితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పుట్టాను, ఇప్పుడు అదే బాయిలోకి ఇంజనీరుగా దిగుతున్నాను. మా క్వార్టర్ల లైనులో బాయి దిగిన ఆడపిల్లల్లో నేనే మొదటిదాన్ని. ఆ మాట గొప్పగానే చెప్పుకుంటాను.

లోపల మాత్రం ఒక ముల్లు ఉండేది. మా నాన్నను బాపు అంటాం. ఆయన బతుకంతా ఆ బాయిలోనే పనిచేశాడు. నాకు ఉద్యోగం వచ్చిందంటే, "బాయిల పని మొగోళ్లకే పానం మీదికొస్తది. నీకెందుకు బిడ్డా గీ పరేషాన్" అన్నాడు. నేను మొదటిసారి దిగకముందే గుండెపోటుతో పోయాడు. ఆయన సంతోషించాడో లేదో నాకు తెలియనే లేదు.

నిరుడు శిక్షణ కోసం నన్ను పోలండ్‌లో ఒక గనుల ఊరికి పంపారు. నవంబర్ ఒకటిన అక్కడ క్రైస్తవుల సకల పరిశుద్ధుల పండుగ, దేశమంతా సెలవు. పండుగంటే మనకు బజారు కిటకిటలాడాలి కదా, సామాను ఆ రోజే కొందామని నిమ్మళంగా ఉన్నాను. తెల్లారి చూస్తే కొట్లన్నీ బంద్. అటు వెళ్లేవాళ్లు ముందురోజే తిండి తెచ్చిపెట్టుకోండి. బస్సులు కూడా ఎక్కువగా సమాధుల తోటల వైపే తిరుగుతాయి.

ఆకలితోనే జనం వెంట నడిచాను. మధ్యాహ్నం ఎండలో ఆ తోట జాతరలా ఉంది. ప్రతి సమాధి మీదా చామంతులు, గాజు బుడ్లలో దీపాలు. సమాధి వేరేచోట ఉన్నవాళ్ల కోసం మధ్యలోని పెద్ద శిలువ దగ్గర దీపం పెడతారట. పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే పెత్రమాసకు నేను ఇంట్లో లేను. "ఫికర్ పెట్టుకోకు, బాపు పేరు మీద బియ్యం నేనిచ్చిన" అని మా అమ్మ, అదే అవ్వ, ఫోన్లో చెప్పింది గానీ నా మనసు ఒప్పలేదు. గేటు దగ్గర దీపం కొని ఆ శిలువ దగ్గర పెట్టాను.

బెంచీ మీదున్న ఒక ముసలామె నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఎదురుగా ఉన్నది ఆమె భర్త సమాధి. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఫ్లాస్కులోంచి నాకు టీ పోసింది. ఇంకో కప్పు పోసి నా పక్కన ఖాళీ చోట పెట్టింది. ఎవరికని అడిగాను.

"మీ వెంట వచ్చిన పెద్దాయనకు. మా ఆయనలాగే గని కార్మికుడు అనుకుంటా. ఎడమ కనుబొమ్మ మీద నీలి మచ్చ ఉంది" అని ఫోన్ తెర మీద వచ్చింది.

బొగ్గు పెళ్ల తగిలిన దెబ్బలో మసి ఉండిపోతే, పుండు మానినా నీలి మచ్చ పోదు. బాపుకు సరిగ్గా అక్కడే ఉండేది. నేను ఆమెకు బాపు గురించి చెప్పలేదు, ఫోటో చూపించలేదు. ఆయన ఏం చేస్తున్నాడని అడిగాను.

"కూర్చోవడం లేదు. వచ్చేపోయేవాళ్లకు మిమ్మల్ని చూపిస్తున్నాడు."

ఆమె చూపు మందగించిందేమో, గనుల ఊళ్లో అలాంటి మచ్చలు మామూలేమో. ఎన్ని విధాల ఆలోచించినా లెక్క కుదరలేదు, ఇప్పటికీ కుదరదు.

ఇంటికొచ్చాక అవ్వకు చెప్పాను. ఆమె కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. "మీ బాపు గంతే. నీ ముందర ఏమనకపోయేది. చాయ్ హోటల్ల కూసోని, నా బిడ్డ బాయిల దిగుతదని అందరికీ గదే ముచ్చట చెప్పేటోడు" అంది.

ఆ సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.